ప్రతి విషానికీ ఒక అడ్రస్ ఉంటుంది: బ్రెయిన్ ట్యూమర్ ఎందుకొస్తుంది?

నేను మాట్లాడేది ఎర్రగుంట్ల నుంచి. ఒకపక్క ప్రొద్దుటూరు, ఒకపక్క జమ్మలమడుగు, ఇంకోపక్క పులివెందుల. మన చుట్టూ ఏముందో మీకు తెలిసిందే. సిమెంటు ఫ్యాక్టరీలు, థర్మల్ పవర్ స్టేషన్, నాపరాయి గనులు, కొంచెం ముందుకు పోతే తుమ్మలపల్లె యురేనియం గని. అందుకే ఇక్కడ ఎవరికైనా తలలో గడ్డ అని తేలితే ముందు కారణం గురించే మాట్లాడుకుంటారు. "యురేనియం నీళ్లప్పా" అంటారొకరు. "సెల్ టవర్" అంటారింకొకరు. "రాత్రంతా ఫోన్ దిండు కింద పెట్టుకుంటాడు కదా" అని ఇంట్లోవాళ్లనే తప్పు పడతారు. ఈ మాటల్లో ఏది నిలబడుతుందో ఈరోజు చరిత్రను అడుగుదాం.

ముందు ఒక విషయం. నీళ్లలో, రాళ్లలో ఉన్న విషం మనిషిని దెబ్బతీస్తుందని మన తెలుగునేలకు ఎప్పుడో తెలుసు. 1937లో నెల్లూరు జిల్లాలో మనుషుల పళ్లు, ఎముకలు పాడవడానికి తాగునీటిలోని ఫ్లోరైడ్ కారణమని డాక్టర్లు పేపర్ రాశారు. వాళ్లు రోగుల్ని చూశారు, తాగే నీళ్లను పరీక్ష చేశారు, రెండింటినీ కలిపి చూశారు. కారణం పట్టుకోవడమంటే ఇదీ. ఫ్లోరైడ్ అడ్రస్ పళ్లు, ఎముకలు.

పులివెందుల పక్కన బ్రాహ్మణపల్లె వైపు ఒకప్పుడు రాతినార తవ్వారు. ఆస్‌బెస్టాస్ అన్నమాట. ఆ సన్న పోగులు గాలితో లోపలికి పోతాయి. దాని అడ్రస్ ఊపిరితిత్తులు, వాటి చుట్టూ ఉండే పొర.

మరి యురేనియం? తుమ్మలపల్లె గనికి 2007లో శంకుస్థాపన జరిగింది, 2012లో గని మొదలైంది. వ్యర్థాల చెరువు వల్ల బోరు నీళ్లు, అరటి తోటలు చెడిపోతున్నాయని చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఫిర్యాదు చేశారు, కంపెనీ కాదంది. ఇక్కడ సైన్స్ ఏం చెబుతుందో చూడండి. నీళ్లతో ఒంట్లోకి పోయిన యురేనియం ముందు దెబ్బతీసేది కిడ్నీలను. గనిలో పుట్టే రేడాన్ గ్యాస్ ఊపిరితిత్తుల్ని. జర్మనీలో ష్నీబర్గ్ గనుల కార్మికుల జబ్బు ఊపిరితిత్తుల క్యాన్సర్ అని 1879లోనే రాశారు. ఆ తర్వాత యురేనియం గని కార్మికుల మీద ఏళ్లతరబడి చేసిన పరిశీలనల్లో గట్టిగా తేలింది కూడా అదే. మెదడు గడ్డ కాదు.

ఇది ఎందుకు ముఖ్యం? బోరు నీళ్లు పరీక్ష చేయమని అడిగే హక్కు ఊరికి ఉంది. కానీ ఆ ఊరు "మాకు బ్రెయిన్ ట్యూమర్లు వస్తున్నాయి" అని పోతే, ఆఫీసరు ఒక్క మాటలో కొట్టిపారేస్తాడు. "మా కిడ్నీలు పరీక్షించండి, నీళ్లలో యురేనియం ఎంతుందో కాగితం మీద రాసివ్వండి" అంటే అంత తేలిగ్గా తప్పించుకోలేడు. తప్పు జబ్బు పేరు చెబితే నిజమైన కేసు ఓడిపోతుంది.

సరే, మెదడుకు నిజంగా హాని చేసేది ఏది? ఇక్కడ ఇజ్రాయెల్ కథ చెప్పాలి. 1948 నుంచి 1960 దాకా అక్కడికి వలస వచ్చిన వేలమంది పిల్లలకు తలలో తామర పోవడానికి ఎక్స్‌రే పెట్టారు. అప్పట్లో అది మామూలు వైద్యం. ఆ పిల్లల్లో దాదాపు 10,800 మందిని, ఎక్స్‌రే తగలని వాళ్ల తోబుట్టువులతోనూ, ఇతర పిల్లలతోనూ పోల్చి చూశారు. మెదడు పొరల మీద వచ్చే మెనింజియోమా అనే గడ్డ ఎక్స్‌రే తగిలినవాళ్లలో దాదాపు 10 రెట్లు ఎక్కువగా కనిపించింది. అదీ వెంటనే కాదు, చాలా ఏళ్ల తర్వాత. 1974లో మొదటి లెక్కలు, 1988లో ఇంకా గట్టి లెక్కలు వచ్చాయి. 1994లో బాధితులకు పరిహారం ఇవ్వడానికి అక్కడ చట్టమే చేశారు. తలకు నేరుగా తగిలిన ఎక్కువ డోసు రేడియేషన్, అందులోనూ చిన్నతనంలో తగిలింది: మెదడు అడ్రస్ ఉన్న కారణం ఇదే. ఈరోజు డాక్టరు అవసరమై రాసిన ఒక స్కాన్‌లో ఉండే డోసు దానికంటే చాలా తక్కువ, భయపడి మానుకోవద్దు.

రెండో కారణం పుట్టుకతో వచ్చేది. న్యూరోఫైబ్రోమటోసిస్ లాంటి కొన్ని జన్యు జబ్బులున్న కుటుంబాల్లో ప్రమాదం ఎక్కువ. కానీ మొత్తం రోగుల్లో వీళ్లు కొద్దిమందే. వయసు పెరిగేకొద్దీ కూడా ముప్పు పెరుగుతుంది. ఇంకొకటి, ఊపిరితిత్తుల్లోనో రొమ్ములోనో మొదలైన క్యాన్సర్ మెదడుకు పాకవచ్చు. అంటే పొగ మానేస్తే మెదడును కూడా కొంత కాపాడుకున్నట్టే.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న ఫోన్. దాని తరంగాలకు ఎక్స్‌రే లాగా డీఎన్ఏను తెంచే శక్తి లేదు. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం వీటిని "క్యాన్సర్ కారకం కావచ్చు" అనే 2బీ జాబితాలో పెట్టింది. కలబంద మొత్తం ఆకు సారం కూడా తర్వాత అదే జాబితాలో చేరింది! ఆ జాబితాకు అర్థం "ఆధారం చాలదు, ఇంకా చూడాలి" అని. చూశారు కూడా. 2024లో అదే సంస్థ కోరగా చేసిన పెద్ద సమీక్షలో ఫోన్‌కూ బ్రెయిన్ ట్యూమర్‌కూ సంబంధం కనబడలేదు. ఫోన్ వల్ల నిద్ర చెడుతుంది, అది వేరే ఎపిసోడ్.

ఇంకో మాట. మన దేశంలో మెదడులో గడ్డ కనబడితే అది ట్యూమరే కానక్కర్లేదు. 1949లో వేలూరు సీఎంసీలో డాక్టర్ జేకబ్ చాందీ న్యూరోసర్జరీ మొదలుపెట్టిన రోజుల్లో, ట్యూమర్ అనుకుని తెరిచిన తలల్లో క్షయ గడ్డలు చాలానే కనిపించేవి. అప్పటికి సీటీ స్కాన్ లేదు. 1971లో లండన్‌లో మొదటి రోగికి ఆ స్కాన్ తీశారు, అది కూడా మెదడు గడ్డ అనుమానంతోనే. క్షయ గడ్డలకూ, బద్దెపురుగు గుడ్ల వల్ల వచ్చే తిత్తులకూ చాలాసార్లు మందులే సరిపోతాయి. కాబట్టి స్కాన్ చేతికి రాగానే ఇల్లంతా ఏడవొద్దు, ముందు డాక్టర్ని పేరు అడగండి.

చివరిగా నిజం చెప్తా. ఎక్కువమందికి ఎందుకొచ్చిందో ఏ డాక్టరూ చెప్పలేడు. కణం చీలేటప్పుడు దానంతటదే జరిగే పొరపాట్లు చాలా. అందుకే పిల్లోడికి ఫోన్ ఇచ్చానని అమ్మ కుమిలిపోవాల్సిన పని లేదు. ఆ ఏడుపులో పోయే నెలలే అసలు నష్టం. పొద్దున లేవగానే తలనొప్పి, దాంతోపాటు వాంతులు, పెద్దయ్యాక మొదటిసారి ఫిట్స్, ఒకపక్క చేయో కాలో బలం తగ్గడం, చూపు, వినికిడి, మాట మారడం. వీటిలో ఏదున్నా నాటుమందు, అంత్రం అని తిరగకుండా కడప పెద్దాసుపత్రికి పోండి. "గాలి సోకింది" అనే పెద్దమనిషి మీ ఇంట్లో ఉంటే, ఆయన పక్కన కూర్చుని ఈ ఎపిసోడ్ చదివి వినిపించండి. ఉంటాను.