పాతబస్తీలో పెంపుడు కుక్కకు వీడ్కోలు

హైదరాబాద్ పాతబస్తీలో ఏళ్ల తరబడి ఇంటి మనిషిలా పెరిగిన కుక్క కన్నుమూసే వేళ కుటుంబం తీసుకునే నిర్ణయాలు, పాటించే పద్ధతులు ఈ వ్యాస విషయం. మూసీకి దక్షిణాన శాలిబండ, లాల్‌దర్వాజ, గౌలిపురా, మొఘల్‌పురా, బార్కస్ వంటి పేటల్లో ఈ వీడ్కోలును రెండు సంగతులు మలిచాయి. ఒకటి, తవ్వుకోవడానికి చారెడు నేల మిగలకపోవడం. రెండు, కుక్క విషయంలో వేర్వేరు ఆచారాలున్న ఇళ్లు గోడకు గోడ ఆనుకుని ఉండడం.

ముసలితనం

లాబ్రడార్ లాంటి పెద్ద జాతి కుక్కలు సాధారణంగా 10 నుంచి 12 ఏళ్లు బతుకుతాయి. ఊళ్లో అందరూ పొమేరియన్ అని పిలిచే తెల్లని స్పిట్జ్‌లు 12 నుంచి 15 ఏళ్ల దాకా ఉంటాయి. గల్లీలో పుట్టి ఇంట్లోకి చేరిన నాటు కుక్క సరిగా చూసుకుంటే వాటికేమీ తీసిపోదు. పాతబస్తీ ఇళ్లలో మెట్లు ఇరుకు, నిట్టనిలువు. రోజూ డాబా మీద పడుకునే కుక్క ఒకనాడు కింది మెట్టు దగ్గరే ఆగి పైకి చూస్తుంది. చాలా ఇళ్లలో ముసలితనం మొదట తెలిసేది అక్కడే. కీళ్ల అరుగుదల, మూత్రపిండాలు చెడడం, గుండె కవాటాల జబ్బు, గర్భసంచి ఆపరేషన్ చేయించని ఆడకుక్కల్లో పొదుగు గడ్డలు ఈ వయసులో ఎక్కువ. ఇవి చాలావరకు నయమయ్యేవి కావు గానీ మందులతో నెలలో, ఏళ్లో నెట్టుకురావచ్చు. నారాయణగూడలోని ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువుల దవాఖాన, రాజేంద్రనగర్‌లోని పశువైద్య కళాశాల ఇక్కడివారికి అందుబాటులో ఉన్న పెద్ద దిక్కులు. ఫలక్‌నుమా, బహదూర్‌పురా వైపు వారికి ఆరాంఘర్ మీదుగా రాజేంద్రనగర్ వెళ్లడమే సులువు.

ముసలి కుక్కను దూరాన వదిలేసి వచ్చేవారూ ఉన్నారు. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టంలోని 11వ సెక్షన్ ప్రకారం, ఆకలిదప్పులతో బాధపడే స్థితిలో జంతువును అకారణంగా వదిలేయడం నేరం. మొదటిసారి పట్టుబడితే చట్టంలో రాసిన జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయలు. పదేళ్లు గుమ్మం కాచిన ప్రాణానికి చట్టం కట్టిన ఈ వెల చూస్తే మనసు చివుక్కుమంటుంది.

సూది వేయించడం

తిండి మానేసి, లేవలేక, నొప్పితో రాత్రంతా మూలుగుతున్న కుక్కకు సూదితో శాశ్వత విశ్రాంతి ఇవ్వడం పశువైద్యంలో అంగీకరించిన పద్ధతే. అర్హత ఉండి నమోదైన పశువైద్యుడే ఈ పని చేయాలి. ముందు మత్తు ఇస్తారు. కుక్క గాఢనిద్రలోకి జారాక పెంటోబార్బిటాల్, థయోపెంటోన్ వంటి మందును ఎక్కువ మోతాదులో నరంలోకి ఎక్కిస్తారు. కొద్ది నిమిషాల్లోనే శ్వాస, గుండె ఆగిపోతాయి. కళ్లు తెరిచే ఉంటాయి. ఒక్కోసారి ఆ తర్వాత కూడా కండరాలు అదురుతాయి, ఊపిరి లాంటిది ఒకటి వస్తుంది, మూత్రం పోతుంది. ఇవి బాధకు గుర్తులు కావని వైద్యుడు ముందే చెప్పాలి. చెప్పకపోతే ఇంటివారు అడిగి తెలుసుకోవాలి. లేదంటే ఆ దృశ్యం ఏళ్ల తరబడి వెంటాడుతుంది.

ఎప్పుడు అన్నదే అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న. తినడం, నీళ్లు తాగడం, నిలబడడం, శుభ్రంగా ఉండడం, ఇంటివారిని చూసి తోక ఊపడం: వీటిని రోజూ రాసిపెట్టుకుని, చెడ్డ రోజులు మంచి రోజులను మించుతున్నాయా అని చూడమని పశువైద్యులు చెబుతారు. సూది వేసే సమయంలో చూడలేమని బయటికి వెళ్లిపోయేవారు చాలామంది. వారి బాధ నిజమే. కానీ దవాఖాన వాసనకు బెదిరిన ముసలి కుక్క ఆ గదిలో వెతికేది తెలిసిన చేతిని. మత్తు ఎక్కేదాకానైనా ఇంటివారిలో ఒకరు తల నిమురుతూ దగ్గరుండాలి.

మట్టి, మంట

కుక్కను పూడ్చడం మనిషికి చాలా పాత అలవాటు. జర్మనీలోని బాన్-ఒబర్‌కాసెల్‌లో సుమారు 14,000 ఏళ్ల కిందట ఇద్దరు మనుషులతో కలిపి ఒక పిల్ల కుక్కను పాతిపెట్టారు. అది డిస్టెంపర్ జబ్బు పడిందని, ఎవరో సాకబట్టే వారాల పాటు బతికిందని దాని పళ్లను బట్టి పరిశోధకులు భావిస్తున్నారు. కశ్మీర్‌లోని బుర్జహోమ్ నవీన శిలాయుగ సమాధుల్లోనూ మనుషుల పక్కన కుక్కలున్నాయి.

పాతబస్తీలో దేవిడీలు, పెరళ్లు ఉన్న కాలంలో వేపచెట్టు కిందో, బావి అవతలో బొంద తవ్వేవారు. ఇప్పుడు అరవై గజాల జాగాలో మూడంతస్తులు లేస్తున్నాయి. మిగిలిన కాస్త నేలలోనూ కిందికి పోతే గ్రానైటు రాయి తగులుతుంది. అందుకే చాలామంది నగర శివార్లలో ఉన్న బంధువుల పొలానికి తీసుకెళ్తారు. గొయ్యి కనీసం మూడు నాలుగు అడుగుల లోతుండాలి, బావికి, చెరువుకు దూరంగా ఉండాలి. సూదితో పోయిన కుక్క ఒంట్లో మందు మిగిలే ఉంటుంది. పైపైన పూడిస్తే తవ్వితిన్న కుక్కలకు, గద్దలకు అదే విషమవుతుంది. గుడ్డలో చుట్టి పూడ్చాలి, ప్లాస్టిక్ సంచిలో వద్దు. రాళ్ల ఉప్పు చల్లితే త్వరగా మట్టిలో కలుస్తుందని చాలామంది నమ్మకం. నిజానికి ఉప్పు తడిని లాగేసి కుళ్లడాన్ని ఆలస్యం చేస్తుంది.

పొలం లేనివారికి ఇప్పుడు మరో దారి ఉంది. నాగోల్ దాటాక ఫతుల్లాగూడలో పెంపుడు జంతువుల కోసం దహనవాటిక ఏర్పాటైంది. చితాభస్మం కావాలనుకుంటే ముందే అడగాలి. దాన్ని పూలకుండీలో వేసేవారు ఎక్కువ మట్టితో కలపాలి. భస్మంలోని లవణాలు, క్షారం నేరుగా తగిలితే మొక్క మాడుతుంది. రేబిస్‌తో చనిపోయిందన్న అనుమానం ఉన్న కుక్కను మాత్రం ఇంటివారు ఒట్టి చేతులతో ముట్టకూడదు, పశువైద్య శాఖకు తెలపాలి.

మేలో ఎండ 40 డిగ్రీలు దాటే ఊరు ఇది. దేహం కొద్ది గంటల్లోనే బిగుసుకుంటుంది, తర్వాత పాడవడం మొదలవుతుంది. కాళ్లు మెల్లగా ముడిచి, నిద్రపోతున్నట్టు పడుకోబెట్టి, చుట్టూ మంచుగడ్డలు పేర్చి, అదే రోజు పని ముగించడం మేలు.

ఆచారాలు

హిందూ ఇళ్లలో కుక్క పోతే శాస్త్రప్రకారం మైల లేదు, కర్మ లేదు. అయినా పసుపు, కుంకుమ, ఒక దండ, తల దగ్గర దీపం, మూడో రోజు గల్లీ కుక్కలకు పాలు, రొట్టెలు పెట్టడం వంటివి ఎవరూ చెప్పకుండానే చేసేవారున్నారు. కాలభైరవుడి వాహనంగా, మల్లన్న వెంట నడిచే తోడుగా, మహాప్రస్థానంలో ధర్మరాజును చివరిదాకా విడవని ప్రాణిగా కుక్క ఈ సంస్కృతికి పరిచితమే.

ముస్లిం ఇళ్లలో కాపలాకు, వేటకు కుక్కను పెంచడానికి అనుమతి ఉంది గానీ శుభ్రత నియమాలు గట్టివి. హైదరాబాద్ సున్నీల్లో ఎక్కువమంది అనుసరించే హనఫీ సంప్రదాయంలో కుక్క లాలాజలం అపవిత్రం. బార్కస్‌లోని అరబ్ సంతతివారు పాటించే షాఫియీ సంప్రదాయంలో కుక్క ఒళ్లంతా అపవిత్రమే. తడి తగిలితే ఏడుసార్లు కడగాలి, అందులో ఒకసారి మట్టితో. అందుకే అక్కడ కుక్క చోటు వాకిలి. దూరం ఉన్నంత మాత్రాన మమత లేదనుకోకూడదు. గుహలో తలదాచుకున్న విశ్వాసుల గడపలో ముందుకాళ్లు చాపి కాపలా కాసిన కుక్క ప్రస్తావన ఖురాన్‌లోని కహఫ్ అధ్యాయంలో ఉంది. ఆ కుక్కకు ఖిత్మీర్ అన్న పేరు సంప్రదాయం నుంచి వచ్చింది. కుక్కకు జనాజా నమాజు ఉండదు, దహనమూ అలవాటు కాదు. శుభ్రమైన చోట మౌనంగా మట్టి ఇస్తారు.

తర్వాతి రోజులు

సమాజం గుర్తించని దుఃఖాన్ని గురించి అమెరికన్ పండితుడు కెన్నెత్ డోకా 1989లో వివరంగా రాశాడు. కుక్క పోయిన ఇంటికి ఆ వివరణ అక్షరాలా వర్తిస్తుంది. ఆఫీసులో సెలవు దొరకదు, పలకరింపుకు ఎవరూ రారు, వచ్చినా ‘కుక్కే కదా, ఇంకోటి తెచ్చుకోండి’ అంటారు. పిల్లలకు ‘ఊరికి పంపాం’ అని అబద్ధం చెప్పడం మంచిది కాదు. తిరిగొస్తుందని వాళ్లు తలుపు దగ్గర ఎదురుచూస్తూ కూర్చుంటారు. చనిపోయిందని సూటిగా చెప్పి, కడసారి చూపుకు తీసుకెళ్లడమే నయం.

ఇంట్లో రెండో కుక్క ఉంటే అది కొన్నాళ్లు సరిగా తినకపోవచ్చు, వెతుకుతూ తిరగవచ్చు; తిండి వేళలు, తిప్పే వేళలు మార్చకుండా ఉంచితే కుదుటపడుతుంది. పార్వో వైరస్‌తో పోయిన ఇంట్లోకి కొత్త పిల్లను తేవడానికి మాత్రం తొందరపడకూడదు. ఆ వైరస్ నేలలో నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాకా బతుకుతుంది. గచ్చును, గిన్నెలను బ్లీచింగ్ ద్రావణంతో కడిగి, పిల్లకు టీకాలు పూర్తయ్యాకే ఇంటికి తేవాలి.