ఆరామం, నందనవనం, బాగ్: తెలుగు తోటల వెనుక ఆలోచన

మా క్రోసూరు వైపు మిరప చేనును కూడా మిరపతోట అనే అంటాం. నీళ్లు పెట్టి, మొక్క మొక్కనూ చూసుకుంటూ పెంచే పైరుకు చేను అన్న మాట చాలదని మా పెద్దలకు తోచింది కాబోలు. పల్నాటిని జొన్నకూటి సీమగా చెప్పే చాటువులు శ్రీనాథుడి పేరున ఇప్పటికీ వినిపిస్తాయి. అలాంటి సీమలో తోట అనే మాట నీటి విలువ తెలిసినవాళ్ల మాట. ఈ నేల మీదే పదిహేడు వందల ఏళ్లకు పూర్వం నీటినీ రాతినీ చెట్టునూ ఒక అర్థం కోసం కూర్చిన ఆరామాలు వెలిశాయి. క్రోసూరుకు తూర్పున అమరావతి, పడమర నాగార్జునకొండ. తెలుగు తోట చరిత్రకు ఇంతకంటే మంచి మొదలు దొరకదు.

సంప్రదాయ ఉద్యానం అనగానే ప్రపంచం చైనా వైపు చూస్తుంది. అందుకు కారణం ఉంది. క్రీస్తుకు పూర్వమే హాన్ వంశపు ఊ చక్రవర్తి తన కోట సరస్సులో మూడు దీవులు కట్టించి, వాటిని అమరులు నివసించే సముద్ర పర్వతాలుగా భావించాడు. అప్పటి నుంచి కొలను, కొండరాయి చైనా తోటకు ప్రాణం, ఒళ్లు అయ్యాయి. చలికి తలవంచని పైన్, వెదురు, ప్లమ్ చెట్లు 'శీతకాలపు ముగ్గురు స్నేహితులు'గా మనిషి నిబ్బరానికి గుర్తయ్యాయి. 1509 ప్రాంతంలో ఉద్యోగం వదిలి వచ్చిన ఒక అధికారి సుజౌ నగరంలో నాటిన జువోజెంగ్ తోట నేటికీ ఉంది. సుజౌ తోటలు 1997లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కాయి. జీ చెంగ్ అనే శిల్పి తోటల నిర్మాణంపై రాసిన 'యువాన్ యె' గ్రంథం 1634 నాటికే వెలువడింది. గోడ అవతలి కొండనూ గోపురాన్నీ తోటలో భాగంగా కనిపించేలా చేయడాన్ని అందులో 'దృశ్యాన్ని అరువు తెచ్చుకోవడం' అన్నాడు.

మనకు అలాంటి గ్రంథం లేదు. ఆలోచన మాత్రం ఉంది. అది శాసనాల్లో, శిల్పాల్లో, ఉత్సవాల్లో, మాటల్లో చెదిరి ఉంది. దాన్ని ఏరుకుంటూ వెళ్లాలి.

ఆరామం

ముందుగా ఒక మాట. ఆరామం అంటే తోట. బౌద్ధ భిక్షువులు వానాకాలంలో నిలిచిన చోటు తోటే కాబట్టి విహారానికి సంఘారామం అనే పేరు వచ్చింది. బుద్ధుడి జీవితంలోని ముఖ్య ఘట్టాలు చెట్ల కిందే జరిగాయి: పుట్టింది లుంబినీ వనంలో, జ్ఞానం పొందింది రావిచెట్టు కింద, తొలి బోధ జింకల వనంలో, చివరి శ్వాస జంట సాలవృక్షాల నడుమ. సంఘారామం అనే మాట బౌద్ధంతో పాటు చైనాకు వెళ్లి అక్కడి నోట 'ఛ్యేలాన్' అయింది. ఆరో శతాబ్దంలో యాంగ్ షువాన్‌జి లోయాంగ్ నగర ఆరామాల గురించి రాసిన గ్రంథం పేరులో ఈ మాటే ఉంది. మన దేశపు తోట మాట చైనా భాషలో గుడికి పేరుగా స్థిరపడింది.

ఆ రాకపోకల్లో పల్నాడుకూ పాలుంది. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి వెలసిన నాగార్జునకొండ లోయకు మూడు వైపుల కొండలు, నాలుగో వైపు కృష్ణ. చైనాలో ప్రకృతి దృశ్యానికి వాడే 'షాన్‌షుయ్' అన్న మాటకు అర్థం కొండ, నీరు. ఆ రెండూ ఇక్కడ ఎవరూ కూర్చకుండానే కుదిరాయి. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి పద్నాలుగో పాలనా సంవత్సరంలో, అంటే మూడో శతాబ్దంలో, బోధిసిరి అనే ఉపాసిక ఇక్కడ వేయించిన శాసనం ఉంది. కాశ్మీరం, గాంధారం, సింహళం వంటి దేశాలకు ధర్మాన్ని చేర్చిన ఆచార్యులను తలుచుకుంటూ ఆ శాసనం చీనా పేరు కూడా చెబుతుంది.

ఆమె దానాల జాబితా ఇంకా విలువైనది. సింహళ విహారంలో బోధివృక్షానికి గుడి, పువ్వసేలలో చెరువు, మండపం, కంటకసేల మహాచైత్యం తూర్పు వాకిట రాతి మండపం. ఇంకా ఎన్నో గదులు, శాలలు. చెట్టు, నీరు, రాయి ఒకే స్త్రీ దానంలో కలిశాయి. ప్రతి చోటుకూ ఒక పేరుంది, కొన్ని పేర్లలో ఒక కొండో పువ్వో ఉంది: ధమ్మగిరి, దేవగిరి, పుప్ఫగిరి. తోటను తోటగా నిలిపేవి ఈ నాలుగే. నీరు, రాయి, చెట్టు, పేరు.

అమరావతి శిల్పులు ఇదే ఆలోచనను ఇంకా చిన్న రూపంలోకి దించారు. పల్నాటి సున్నపురాతిపై వాళ్లు చెక్కిన పూర్ణఘటంలో నిండు కుండ నుంచి తామరలు ఎగబాకుతాయి. కుండ నేల, లోపల నీరు, పైన పూలు. ఒక తోట మొత్తం ఒక కుండలో. నేటి ఆంధ్రప్రదేశ్ రాజముద్రలో ఉన్నది ఆ ఘటమే. చైనాలోనూ పళ్లెంలో కొండనూ చెట్టునూ అమర్చే 'పెంజింగ్' కళ ఉంది. 706 నాటి ఒక రాకుమారుడి సమాధి గోడపై పరిచారకులు అలాంటి పళ్లేలను మోసుకువస్తున్న చిత్రం కనిపిస్తుంది. వాళ్లది చూసి మురిసే ప్రకృతి, మనది సమృద్ధిని కోరే మంగళం. భావాలు వేరైనా రెండు జాతులూ పెద్ద లోకాన్ని చిన్న పాత్రలోకి తేగలమని నమ్మాయి.

639 ప్రాంతంలో చైనా యాత్రికుడు హ్యూయన్ త్సాంగ్ ధాన్యకటకానికి, అంటే నేటి అమరావతి ప్రాంతానికి, వచ్చి కొన్నాళ్లు ఉండి చదువుకున్నాడు. రాజధానికి తూర్పు కొండపై పూర్వశైల, పడమటి కొండపై అపరశైల విహారాలు ఉన్నాయని, అప్పటికి నూరేళ్లుగా వాటిలో భిక్షువులు లేరని రాశాడు. మనుషులు వదిలేస్తే ఆరామం అడవి అవుతుంది. ఆ సంగతి మనకు రాసిపెట్టినవాడు ఆ చైనా యాత్రికుడు.

నందనవనం

బౌద్ధం వెనక్కి తగ్గినా తోట పోలేదు. గుడిని ఆశ్రయించింది. దీపానికి, నైవేద్యానికి, పూలతోటకు భూములిచ్చిన శాసనాలు తెలుగు నేలంతా ఉన్నాయి. ఆ పూలతోటకు నందనవనం అని పేరు, ఇంద్రుడి తోట పేరు. కాకతీయుల కాలంలో గుడి, దాని పక్కన చెరువు కలిసే పుట్టేవి. 1213లో రేచర్ల రుద్రుడు నిలిపిన రామప్ప గుడి దగ్గర చెరువు నేటికీ పొలాలు తడుపుతోంది.

మన పూర్వులు సప్తసంతానాలు అని ఏడింటిని లెక్కపెట్టారు: పుత్రుడు, తటాకం, కావ్యం, నిధి, దేవాలయం, వనం, అగ్రహారం. తోట నాటినవాడికి కొడుకును కన్న ఫలం దక్కుతుందన్న మాట అది. చైనా పండితుడు తోటను తన ఏకాంతం కోసం కట్టుకుంటే, తెలుగువాడు తన తరవాతి కాలం కోసం నాటాడు. ప్రబంధాల్లో తప్పనిసరిగా ఉండవలసిన పద్దెనిమిది వర్ణనల్లో ఉద్యానవనం, జలక్రీడ రెండూ చేరడంతో తోట కావ్యంలోనూ పాతుకుంది.

ఈ సంప్రదాయం ఇంకా సజీవంగా ఉన్నది తిరుమలలో. రామానుజుల శిష్యుడు అనంతాళ్వార్ స్వామికి పూలు పెంచడానికి అక్కడ తోట వేసి, చెరువు తవ్వాడని చెబుతారు. స్వామి, అమ్మవారు మారురూపాల్లో ఆ తోటకు వచ్చారని, పూలు దొంగిలిస్తున్నారనుకుని అనంతాళ్వార్ అమ్మవారిని చెట్టుకు కట్టేశాడని, స్వామి అప్రదక్షిణంగా పరుగెత్తి గుడి చేరాడని కథ. బ్రహ్మోత్సవాలు ముగిసిన మరునాడు స్వామి అప్రదక్షిణంగా ఆ తోటకు వెళ్లివస్తాడు. ఆ ఉత్సవం పేరు బాగ్ సవారి. వైష్ణవ భక్తుడి పూలతోటకు పారశీక మాట అంటుకుంది. తెలుగు తోట తరవాతి అధ్యాయం ఆ పేరులోనే ఉంది.

బాగ్

గోల్కొండ కుతుబ్‌షాహీలు పారశీక చహార్‌బాగ్ సంప్రదాయాన్ని తెచ్చారు. నీటి కాలువలతో నాలుగు భాగాలైన తోట స్వర్గంలోని నాలుగు నదులకు గుర్తు. ఇక్కడ చైనా తోటలోలా వంకర దారులు, దాగుడు మలుపులు ఉండవు. కొలతతో కూడిన క్రమమే దైవానికి సంకేతం. 1591లో పుట్టిన హైదరాబాదును పదిహేడో శతాబ్దపు ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే బాగ్‌నగర్ అనే పిలిచాడు. రాజప్రాసాదం మేడల మీద తోటలు ఉన్నాయని, అంత పెద్ద చెట్ల బరువును కింది కమానులు ఎలా మోస్తున్నాయో అని ఆశ్చర్యపోయాడు. గోల్కొండ నయా ఖిల్లాలో పురావస్తు శాఖ తవ్వకాల్లో ఆనాటి తోట నీటి కాలువలు, మట్టి గొట్టాలు బయటపడ్డాయి. కుతుబ్‌షాహీ సమాధుల ఆవరణలో 2013 నుంచి జరిగిన పునరుద్ధరణలో మెట్లబావులు మళ్లీ నీళ్లు పట్టాయి. ఆ బావుల పనికి 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం దక్కింది.

మన కాలంలో ఆరామం మళ్లీ కృష్ణ ఒడ్డుకే వచ్చింది. 1955లో నాగార్జునసాగర్ ఆనకట్టకు పునాది పడింది. లోయ మునిగిపోయేలోగా తవ్వి తీసిన కట్టడాలను కొండ మీదా, అనుపులోనూ తిరిగి నిలిపారు. అవతలి ఒడ్డున 2022లో తెరిచిన బుద్ధవనం 274 ఎకరాల్లో బుద్ధుడి జీవితాన్ని, జాతక కథలను నడుస్తూ చదువుకునే తోటగా మలిచింది.

మిగిలినవి, చేయవలసినవి

పెద్ద తోటలు పోయినా వాటి అర్థాలు మన ఊళ్లలో మిగిలాయి. ముంగిట్లో తులసికోట ఉంది. రావికీ వేపకూ పెళ్లి చేస్తాం. దసరాకు జమ్మి దగ్గరికి వెళ్తాం. కార్తీకంలో ఉసిరి నీడన వనభోజనాలు చేస్తాం. చైనా తోటలో చెట్టు మనిషి గుణానికి గుర్తయితే, మన తోటలో చెట్టు ఇంటి మనిషే.

లోటు ఒక్కచోట ఉంది. నీటిని వదిలేశాం. ఊరూరా పార్కు పేరుతో సిమెంటు బల్లలు, ఇనుప కంచె వేస్తున్నాం. దాని పక్కనే కోనేరు పూడిపోయి చెత్తకుప్ప అవుతోంది. పైన చూసిన మన తోటల్లో నీరు లేని తోట లేదు. బోధిసిరి చెట్టుకు గుడి కట్టించి ఊరుకోలేదు, చెరువు కూడా తవ్వించింది. అనంతాళ్వార్ పూలమొక్కలతో పాటు నీటి సంగతీ చూశాడు.

కాబట్టి పంచాయతీలకు, గుడి ధర్మకర్తలకు, బడి ఉపాధ్యాయులకు నా విన్నపం ఒక్కటే. మీ ఊరికి తోట కావాలంటే ముందు కోనేరు పూడిక తీయండి. గట్టున రావి, వేప, మారేడు, జమ్మి, ఉసిరి నాటండి. ప్రతి చెట్టుకూ ఒక పేరు పెట్టి పిల్లలకు అప్పగించండి.