తెర నల్లబడితే కంప్యూటరు పోయినట్టు కాదు: పాత మానిటర్ల తేడాలు

మా హోసూరు వైపు మన సభ్యుల ఇళ్లలో పది పన్నెండేళ్ల నాటి కంప్యూటర్లు ఇంకా నడుస్తున్నాయి. పిల్లలు ఫోన్లకు మారిపోయారు గానీ, పెద్దవాళ్లు తెలుగు వార్తలు చదువుకోవాలన్నా, శుభలేఖ కూర్చుకోవాలన్నా వాటి ముందే కూర్చుంటారు. బస్సు మీది పేరు, వీధి బోర్డు, రేషను కార్డు అన్నీ తమిళంలో ఉండే చోట తెలుగు అక్షరం కనబడేది ఆ తెర మీదే. అది చెడితే ఫోను మాకే వస్తుంది. పదిమందికి పదిసార్లు చెప్పింది ఒకచోట రాసిపెడదామని ఈ ప్రయత్నం.

ముందు మా తప్పు చెప్పుకోవాలి. కొన్నేళ్ల కిందట సంఘం గదిలో తెర ఒకనాడు ఉదయం నల్లగా ఉండిపోయింది. కంప్యూటరే పోయిందనుకొని, మానిటరు, పెట్టె రెండూ పాత సామాన్లవాళ్లకు ఇచ్చేద్దామని కమిటీలో తీర్మానం కూడా రాసేశాము. బండికెక్కించే ముందు ఒక సభ్యుడి కొడుకు పక్కింటి మానిటరు తెచ్చి తగిలించాడు. సభ్యత్వ రిజిస్టరు, పాత కుటుంబాల ఇంటిపేర్లు, గోత్రాల జాబితా, పెద్దల ఫొటోలు అన్నీ పదిలంగా ఉన్నాయి. వాటికి మా దగ్గర మరో నకలు లేదు. ఆ తీర్మానం మినిట్స్ పుస్తకంలో కొట్టివేతతో ఇప్పటికీ ఉంది.

మానిటరులో మన కాగితాలేవీ ఉండవు. ఉండేది పెట్టెలోని హార్డ్ డిస్కులో. తెర చెడిందని పెట్టెను వదులుకోకండి.

ఇక పరీక్ష. మొదట మానిటరు కింద వెలిగే చిన్న దీపం చూడండి. అసలు వెలగకపోతే కరెంటు తీగ, ప్లగ్గు, సాకెట్టు సంగతి. తీగను మానిటరు వెనక గట్టిగా నొక్కి, మరో సాకెట్టులో పెట్టి చూడాలి. దీపం నారింజ రంగులో ఉన్నా, ఆగి ఆగి వెలుగుతున్నా చాలా మానిటర్లలో దాని అర్థం కరెంటు అందింది, బొమ్మ మాత్రం అందలేదని. అప్పుడు కంప్యూటరు నుంచి వచ్చే కేబుల్ ఊడదీసి, మానిటరును ఆపి మళ్లీ వేయండి. 'నో సిగ్నల్' అనో, కేబుల్ చూసుకోమనో తెర మీద అక్షరాలు శుభ్రంగా వస్తే మానిటరు బాగున్నట్టే. లోపం కేబుల్‌లోనో, పెట్టెలోనో వెతకాలి. పెట్టెలో విడిగా గ్రాఫిక్స్ కార్డు వేయించుకున్నవాళ్లు కేబుల్‌ను ఆ కార్డుకే తగిలించాలి. పాత రంధ్రంలో పెడితే చాలాసార్లు బొమ్మ రాదు.

బొమ్మ వస్తూ తేడాగా ఉంటే మెనూ బటను నొక్కండి. వెలుతురు, రంగులు సరిచేసుకునే ఆ చిన్న పట్టికను మానిటరు తనంతట తానే గీసుకుంటుంది. మిగతా తెరంతా చెడి, ఆ పట్టిక ఒక్కటీ తేటగా ఉంటే లోపం కేబుల్‌దో, కంప్యూటరుదో. పట్టిక కూడా వణుకుతూనో, రంగు మారో కనబడితే మానిటరుదే. మరమ్మతుకు తీసుకెళ్లేముందు ఈ ఒక్క పని చేస్తే దుకాణంలో ఏది మార్చమంటే అది మార్పించుకునే అవస్థ తప్పుతుంది.

రంగు మారిందని వచ్చే ఫిర్యాదుల్లో మేము చూసినంతవరకు ఎక్కువ భాగం కేబుల్‌వే. నీలం తలకాయ ఉన్న వీజీఏ కేబుల్‌కు మూడు వరసల్లో 15 పిన్నుల చోట్లుంటాయి. 1వ పిన్ను ఎరుపు, 2వది ఆకుపచ్చ, 3వది నీలం మోస్తాయి. ఎరుపు అందకపోతే తెల్లని చోటల్లా నీలాకుపచ్చగా, ఆకుపచ్చ అందకపోతే గులాబీ ఛాయగా, నీలం అందకపోతే పసుపుగా కనిపిస్తుంది. కంప్యూటరు ఆపి, కేబుల్ తీసి, పిన్ను వంగిందేమో చూడండి. వంగితే సన్నని చిమ్టాతో మెల్లగా నిలబెట్టవచ్చు. 9వ పిన్ను చాలా కేబుళ్లలో మొదటినుంచీ ఉండదు, విరిగిందని కంగారుపడకండి. తిరిగి పెట్టాక అటూ ఇటూ ఉన్న రెండు స్క్రూలూ బిగించాలి. ఒక్కటే బిగించి వదిలేసే అలవాటు మనలో ఎక్కువ. ఊడ్చేటప్పుడు చీపురు తగిలినా తలకాయ వదులై రంగు పోతుంది.

అక్షరాలు మసకబారడం మన భాషకు అన్నిటికంటే పెద్ద చిక్కు. ఇంగ్లీషు అక్షరం కాస్త అలికినా చదువుకోవచ్చు. మనకు ద-ధ, డ-ఢ, ప-ఫ జంటల్లో తేడా అంతా అడుగున ఉన్న చిన్న గీతలోనే ఉంది. ఆదివారం తెలుగు తరగతిలో ఒకసారి పిల్లలందరూ తెర చూసి రాసుకున్న పాఠంలో 'ధ' ఉన్నచోటల్లా 'ద' రాశారు. శ్రద్ధ లేదని వాళ్లను కోప్పడ్డాము కూడా. వెనక బెంచీలో కూర్చొని చూస్తే ఆ గీత మాకూ కనబడలేదు.

పలక మానిటరుకు తయారైనప్పుడే ఇన్ని చుక్కలని లెక్క ఉంటుంది. చదరంగా ఉండే 17, 19 అంగుళాల వాటికి సాధారణంగా 1280×1024, 15 అంగుళాలదానికి 1024×768, వెడల్పుగా ఉండే 18.5 అంగుళాలదానికి 1366×768. కంప్యూటరులో వేరే లెక్క పెట్టి ఉంటే బొమ్మను సాగదీసి చూపిస్తుంది, అక్షరం అలుక్కుపోతుంది. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో రిజల్యూషన్ సరిచేసి, మానిటరు మీది 'ఆటో' బటను ఒకసారి నొక్కండి. అప్పుడు బొమ్మ పక్కకు జరిగి ఉన్నా చోటికొస్తుంది. అక్షరాలు చిన్నవైపోయాయని మళ్లీ రిజల్యూషన్ తగ్గించకండి. అక్షరాల సైజు పెంచే సదుపాయం వేరే ఉంది.

'అవుట్ ఆఫ్ రేంజ్' అని వస్తే, మానిటరు మోయలేని లెక్కను కంప్యూటరు పంపుతోందన్న మాట. మరో మానిటరు తగిలించి 1024×768, 60 హెర్ట్జ్‌కు తగ్గించి, తిరిగి పాతది పెట్టుకోవచ్చు.

తెర రెండు క్షణాలు వెలిగి నల్లబడుతోందా? గదిలో దీపం ఆపి, తెర మీద టార్చి వాలుగా వేసి చూడండి. లీలగా బొమ్మ కనబడితే వెనక వెలుగునిచ్చే సన్నని గొట్టమో, దాన్ని వెలిగించే ఇన్వర్టరు బోర్డో పోయింది. ఆన్ చేసిన చాలాసేపటికి గానీ వెలగకపోవడం తరచుగా ఉబ్బిన కెపాసిటర్ల లక్షణం. వాటిని తక్కువ ఖర్చుతో మార్చవచ్చు. ఇవి మెకానిక్కు పనులు, మనవి కావు. నిలువు గీత పడి వదలకుండా ఉంటే మాత్రం పానెల్ పని అయిపోవచ్చినట్టే. దాని మీద డబ్బు పెట్టవద్దనే మా సలహా.

వెనక బుర్ర ఉన్న పాత గాజు మానిటర్ల గురించి రెండు మాటలు. మూలల్లో రంగుమచ్చలు పడితే పక్కనున్న స్పీకర్లు జరిపి, మెనూలో 'డీగాస్' నొక్కాలి. 60 హెర్ట్జ్ మీద కళ్లు గుంజితే, మానిటరు తట్టుకునేదైతే 75కో 85కో పెంచుకోవచ్చు. మూత మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ విప్పవద్దు. లోపల సుమారు 25,000 వోల్టులు ఉంటాయి. ప్లగ్గు తీసినా గొట్టంలో కరెంటు నిలిచే ఉండి ప్రాణం మీదికి తెస్తుంది.

నిజంగానే పనికిరాదని తేలితే రోడ్డు మీద పగలగొట్టే వాళ్లకు ఇవ్వకండి. గాజు మానిటరులో సీసం, పాత పలక మానిటర్ల దీపపు గొట్టంలో పాదరసం ఉంటాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం రిజిస్టరు చేసుకున్న రీసైక్లర్లకే చేర్చాలి.

పరీక్ష కోసమే ఒక 17 అంగుళాల మానిటరు, మంచి వీజీఏ కేబుల్ ఒకటి సంఘం గదిలో ఉంచాము. ఆదివారం తరగతి అయ్యాక పెట్టె పట్టుకొని ఎవరైనా రావచ్చు. కీబోర్డు, మౌస్ మోసుకురానక్కరలేదు. పెట్టె కరెంటు తీగ మాత్రం తెచ్చుకోండి, మా దగ్గర ఉన్నది ఒక్కటే.