రజాకారూ వాలంటీరే, తండా తాతా వాలంటీరే

 పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

విజయపురి సౌత్‌లో మేముండే హాస్టల్ దగ్గర్నుంచి చూస్తే కృష్ణ అవతల నల్గొండ జిల్లా కనపడుద్ది. 1948లో ఈ ఊరే లేదు. డ్యాంకి పునాదిరాయి పడింది 1955 డిసెంబర్ 10న. అంతకుముందు ఇవతలి గట్టు మద్రాసు రాష్ట్రంలోని గుంటూరు జిల్లా, అవతలి గట్టు నిజాం రాజ్యం. మనలో చాలామందికి ఆ గట్టున చుట్టాలున్నారు. వాళ్ల తాతల కాలంలో పుట్టిన గ్రామ రక్షక దళాల గురించి రాస్తున్నాం.

రజాకార్లంటే అందరికీ తెలుసు. కానీ ఉర్దూలో ఆ మాటకు అర్థం వాలంటీర్ అని మాకు ఈమధ్యే తెలిసింది. ఖాసిం రజ్వీ కింద వాళ్లు నిజాం రాజ్యాన్ని కాపాడతామని చేరినవాళ్లు. ఊళ్లు కాపాడుకోవడానికి లేచిన దళాలవాళ్లూ వాలంటీర్లే. అంటే ఒకే నేల మీద, ఒకే కాలంలో, రక్షణ పేరుతో రెండు వాలంటీరు సైన్యాలు. ఒకటి రాజ్యాన్ని కాపాడటానికి, ఇంకోటి చేలను, కల్లాలను, తండాలను కాపాడటానికి. దీన్ని మతం గొడవగా చెప్పేవాళ్లున్నారు, అది తప్పు. రజాకార్లను ఎదిరించి రాసిన పత్రికా సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ని 1948 ఆగస్టులో హైదరాబాద్‌లోనే చంపేశారు. నిజాం మీద సాయుధ పోరాటానికి పిలుపిచ్చిన ముగ్గురిలో మఖ్దూం మొహియుద్దీన్ ఒకరు.

దళాలు ఎట్లా మొదలయ్యాయంటే, 1946 జులై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు కాల్పులు జరిపితే దొడ్డి కొమరయ్య చనిపోయాడు. ఆ దేశ్‌ముఖ్ కింద 40,000 ఎకరాలు ఉండేవని చెబుతారు. ఆ తర్వాత ఊరూరా సంఘం వాలంటీర్లు లేచారు. తుపాకుల్లేవు. గుత్పలు, వడిసెలలు, రాళ్లు, ఆడవాళ్ల చేతిలో కారప్పొడి. వడిసెల మనకు కొత్తదా? జొన్నచేలో పిట్టల్ని కొట్టేది అదేగా. పగలు అరక, రాత్రి కాపలా. జీతం లేదు, యూనిఫాం లేదు. రజాకార్లు వస్తుంటే కేకేసి ఊరిని లేపడం, దాక్కున్నవాళ్లకు అన్నం, కబురు చేరవేయడం వీళ్ల పని. పూర్తికాలం తిరిగే గెరిల్లా దళాలు వేరే. సుందరయ్య గారు రాసిన లెక్కలో గ్రామ దళాల్లో 10,000 మంది, గెరిల్లా దళాల్లో 2,000 మంది.

ఇందులో లంబాడీలున్నారు. జనగామ వైపు ధర్మపురంలో తమ భూమి కోసం దొరతో కొట్లాడిన కుటుంబం నుంచి వచ్చినవాడే జాటోత్ ఠానూ నాయక్. 1950లో ఆయన్ని చంపేశారు. మా పాఠ్యపుస్తకాల్లో మాకు ఆయన పేరు కనపడలేదు.

అన్ని ఊళ్లూ గెలవలేదు. బైరాన్‌పల్లి దళం ఊరి బురుజు మీద కాపలా కాసి రజాకార్లను తిప్పికొట్టింది. 1948 ఆగస్టు 27న రజాకార్లు నిజాం సైన్యంతో కలిసి వచ్చి ఎనభై మందికి పైగా ఊరివాళ్లను చంపారు. మూడు వారాలకల్లా భారత సైన్యం దిగింది, సెప్టెంబర్ 17న నిజాం లొంగిపోయాడు.

చాలామంది కథ ఇక్కడితో ఆపేస్తారు. రజాకార్లు పోయారు, కానీ ఊరొదిలి పారిపోయిన దొరలు వెనక్కొచ్చారు, పంచిన భూములు తిరిగి ఇవ్వమన్నారు. పోరాటం ఆపాలా వద్దా అని నాయకుల్లోనే గొడవ. దళాలు నల్లమలకీ, గోదావరి అడవులకీ చేరాయి. వాటికి తిండి పెడుతున్నారని కోయ గూడేలను తగలబెట్టి జనాన్ని ఒకచోటికి తోలారు. 1951 అక్టోబర్‌లో పోరాటం ఆగింది.

తర్వాత సమరయోధుల పెన్షన్ వచ్చింది. దానికి జైలుకెళ్లినట్టో, అజ్ఞాతంలో ఉన్నట్టో కాగితం చూపాలి. రాత్రంతా కాపలా కాసి పొద్దున్నే దున్నడానికి పోయిన మనిషి దగ్గర ఏం కాగితం ఉంటది? మా హాస్టల్ తమ్ముడొకడికి దేవరకొండ వైపు ముత్తాత ఉండేవాడు. ఆయన దళంలో ఉన్నాడని ఇంట్లో చెప్పుకుంటారు, అంతే. ఎవరి కింద పనిచేశాడో, ఏ ఏడాదో చెప్పేవాళ్లు లేరు. చెప్పగలిగిన అవ్వ పోయినేడాది పోయింది. అడుగుదాం, అడుగుదాం అనుకుంటూనే ఆలస్యం చేశాం.

సంక్రాంతి సెలవులకు అవతలి గట్టు చుట్టాల ఇళ్లకు పోయేవాళ్లు ఎనభై ఐదు దాటిన పెద్దోళ్లుంటే పక్కన కూర్చుని ఫోన్‌లో రికార్డు చేయండి. మనిషి పేరు, తండా పేరు, చేతిలో ఏముండేది, కాపలా ఎక్కడ కాసేవాళ్లు, ఇవి అడగండి. గోర్ బోలీలో చెప్పినా సరే, మేం కూర్చుని తెలుగులో రాస్తాం.