కుకీ-చిన్ భాషలు

టిబెటో-బర్మన్ భాషా కుటుంబంలో ఒక శాఖ. మిజోరం, మణిపూర్ కొండలు, మయన్మార్‌లోని చిన్ రాష్ట్రం, బంగ్లాదేశ్‌లోని చిట్టగాంగ్ కొండలు ఈ భాషలకు నెలవు. మిజో, థాడో, హ్మార్, తెదిమ్, ఫలామ్, హఖా, ఖుమి ఈ శాఖలోవే. అన్నిటికన్నా ఎక్కువమంది మాట్లాడేది మిజో. 2011 జనగణన నాటికి మన దేశంలోనే మిజోభాషులు 8 లక్షలు దాటారు.

శాఖ పేరు ఆ జనం పెట్టుకున్నది కాదు. కొండవాళ్లను బెంగాల్ వైపువారు 'కుకీ' అన్నారు, బర్మావారు 'చిన్' అన్నారు. వాళ్లు మాత్రం జో, మిజో, లాయ్, అషో అని చెప్పుకునేవారు. తర్వాత కుకీ అన్న పేరును తమదిగా చేసుకున్నవారూ ఉన్నారు. గ్రియర్సన్ భారతీయ భాషా సర్వేలో ఈ భాషల సంపుటి 1904లో ఆ జంట పేరుతోనే అచ్చయింది. దాన్ని సిద్ధం చేసింది నార్వే పండితుడు స్టెన్ కొనో. మణిపురిని కూడా అందులోనే చేర్చారు. తర్వాతి పండితులు చాలామంది ఆ భాషను విడిగా నిలిపారు.

పేరు పైవాళ్లదైనా చుట్టరికం మాత్రం నిజం. వానను మిజోలు 'రువా' అంటే తెదిమ్‌వారు 'గువా' అంటారు. ఎముక మిజోలో 'రుహ్', తెదిమ్‌లో 'గుహ్'. పాత రకారం తెదిమ్‌లో వరసగా గకారమైంది. క్రియల తీరు ఇంకా విచిత్రం. చాలా క్రియలకు రెండేసి రూపాలుంటాయి. మిజోలో 'నేను చూశాను' అనాలంటే 'క హ్ము'. అదే 'నేను చూసినప్పుడు' అనేచోట 'హ్ము' కాస్తా 'హ్ముహ్' అవుతుంది. ఏ వాక్యంలో ఏది వాడాలో పట్టుబడేసరికి కొత్తవారికి తల ప్రాణం తోకకొస్తుంది.

రాత ఆలస్యంగా వచ్చింది. 1874లో బ్రిటిష్ అధికారి లెవిన్ లుషాయి (నేటి మిజో) పాఠాల పుస్తకం అచ్చువేయించాడు. 1894లో ఐజ్వాల్ చేరిన మిషనరీలు లోరైన్, శావిడ్జ్ రోమన్ అక్షరాలతో లిపి కుదిర్చి, 1898లో వ్యాకరణం, నిఘంటువు తెచ్చారు. ఆ అక్షరమాలలో 'a' తర్వాత వచ్చే రెండో అక్షరం 'aw', 'ఆ'కూ 'ఓ'కూ నడుమ పలికే అచ్చు. 'ఐజ్వాల్' అని మనం రాసే ఊరి పేరు చివరన ఉన్నది అదే. వకారం అందులో లేదు.

తెదిమ్ వైపు పావ్ చిన్ హావ్ అనే మతగురువు ఎవరి లిపినీ అరువు తెచ్చుకోకుండా సొంత లిపి సృష్టించాడు. 2014లో అది యూనికోడ్‌లో చేరింది.

ఈ భాషలన్నిటికీ మూలమైన భాషను పునర్నిర్మించి 2009లో గ్రంథం వెలువరించిన కెన్నెత్ వాన్‌బిక్ హఖా బిడ్డే. పుస్తకం పేరులో మాత్రం 'కుకీ-చిన్' అనే ఉంది.