సొంత ఈమెయిల్ సర్వర్లు ఎందుకు తగ్గాయి?
1982లో ఈమెయిల్ పంపే పద్ధతికి ఎస్‌ఎంటీపీ నియమావళి రాసేనాటికి ఈమెయిల్ లోకం చిన్నది. పంపే యంత్రం తన పేరు ఏది చెబితే అదే నిజం. ముక్కూమొహం తెలియనివారి ఉత్తరాన్నీ విశ్వవిద్యాలయాల సర్వర్లు ముందుకు పంపేవి. ఎవరి ఉత్తరానికైనా తెరిచి ఉన్న ఆ సత్రం తలుపులను సెండ్‌మెయిల్ అనే మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్ మూసింది 1998లో. అప్పటికే స్పామ్ ముంచెత్తింది. సొంత సర్వర్లను మింగింది 2004లో జీమెయిల్ ఇచ్చిన ఒక గిగాబైట్ చోటేనని కొందరంటారు. కొంత నిజమే, కానీ డిస్కులు అందరికీ చవకయ్యాయి. చవక కానిది నమ్మకం: కొత్త ఐపీ చిరునామా నుంచి వచ్చే ఉత్తరాన్ని పెద్ద కంపెనీల వడపోతలు అనుమానిస్తాయి.

అయితే దారే లేదా? విదేశీ కంపెనీల మీద ఆధారం తగ్గించుకోవాలని జర్మనీలోని ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రం 2025లో 40,000కు పైగా మెయిల్ పెట్టెలను ఓపెన్-ఎక్స్చేంజ్ అనే మెయిల్ సాఫ్ట్‌వేర్‌కు మార్చింది. దానికి ప్రభుత్వ యంత్రాంగం అండగా ఉంది. నలుగురు పనిచేసే ఆఫీసుకు అంత సిబ్బంది ఎక్కడ?