రెండు వరసల కాళ్ల ఐసీ

హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో ఏటీమెగా328పీ మైక్రోకంట్రోలర్ ఐసీ కావాలంటే, రెండు వరసల కాళ్ల డిప్‌లో కావాలో, బోర్డు పైనే అతికే ఎస్ఎమ్‌డీలో కావాలో కూడా చెప్పాలి. లోపలి చిప్ ఒకటే, తేడా అంతా పైతొడుగుదీ కాళ్లదీ. ఇంట్లో కూర్చుని సర్క్యూట్ కట్టేవాళ్లు మెమరీ, వేగం కంటే ముందు చూసుకోవలసింది ఈ కాళ్లనే అంటాను.

1960ల మొదట్లో ఐసీలు ట్రాన్సిస్టర్ల మాదిరిగా గుండ్రటి లోహపు డబ్బాల్లో వచ్చేవి. 1962లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో యుంగ్ టావో పలుచని ఫ్లాట్ ప్యాక్ తయారుచేశాడు. అపోలో వ్యోమనౌకల కంప్యూటర్‌లో వాడినవి అలాంటివే. అయితే కాళ్లు మరీ దగ్గర దగ్గరగా ఉండేవి, వాటిని బోర్డు పైన జాగ్రత్తగా అతకాల్సివచ్చేది. చవగ్గా వేలకు వేలు చేసే ఫ్యాక్టరీకి అది కుదిరే పని కాదు.

1964లో ఫెయిర్‌చైల్డ్‌లో డాన్ ఫోర్బ్స్, రెక్స్ రైస్, బ్రయంట్ రోజర్స్ కలిసి 14 కాళ్ల డిప్‌ను రూపొందించారు. రెండు వరసలు, వాటి మధ్య 7.62 మిల్లీమీటర్లు, పక్కపక్క కాళ్ల మధ్య 2.54. కాళ్లు బోర్డు రంధ్రాల్లోంచి కిందికి దిగుతాయి. బోర్డును కరిగిన టంకం మీదుగా పోనిస్తే అన్నీ ఒకేసారి అతుక్కుంటాయి. కాళ్ల మధ్య నుంచి రాగి గీతలు లాగడానికీ చోటు దొరికింది.

ఫ్యాక్టరీ కోసం పెట్టిన ఈ కొలత చేత్తో పనిచేసేవాళ్లకు వరమైంది. 1970లలో ఈ అండ్ ఎల్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో రోనాల్డ్ పోర్చుగల్ రూపొందించిన, టంకం లేకుండా సర్క్యూట్ కట్టే బ్రెడ్‌బోర్డులో రంధ్రాల దూరం అదే 2.54. నడిమి గాడికి అటూ ఇటూ డిప్ కాళ్లు దిగుతాయి, ప్రతి కాలి పక్కనా వైర్లకు నాలుగు రంధ్రాలు మిగులుతాయి. మన ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబుల్లో తరాల తరబడి నేర్పిన 8051 మైక్రోకంట్రోలర్ కూడా 1980లో 40 కాళ్ల డిప్‌లోనే వచ్చింది.

తర్వాత తొడుగులు చిక్కిపోయాయి. 2021లో వచ్చిన ఆర్పీ2040 మైక్రోకంట్రోలర్‌కి డిప్ రూపమే లేదు. ఏడు మిల్లీమీటర్ల చదరంలో 56 కాళ్లు, మధ్య దూరం 0.4. అయినా దాన్ని బిగించిన రాస్ప్‌బెర్రీ పై పీకో బోర్డు అంచుల్లో మాత్రం మళ్లీ 2.54 దూరంలోనే 40 పిన్నులు!

ఏటీమెగా328పీ డిప్‌లో 28 కాళ్లు, చదరపు టీక్యూఎఫ్‌పీలో 32. ఆ అదనపు నాలుగింటిలో రెండు అనలాగ్ ఇన్‌పుట్లు. అవి తప్పనిసరైతేనో, బోర్డు బాగా చిన్నదవ్వాలంటేనో టీక్యూఎఫ్‌పీ కొనండి. దాని కాళ్ల దూరం 0.8, ఫ్లక్స్, సన్నటి టంకం ఉంటే చేయి తిరిగినవాళ్లు అతికించగలరు. ఆర్పీ2040 లాంటివి వచ్చే క్యూఎఫ్‌ఎన్ తొడుగు అడుగున ఉండే లోహపు పలకకు మాత్రం మామూలు సోల్డరింగ్ ఐరన్ మొన అందదు, హాట్ ఎయిర్ కావాలి. అది లేనివాళ్లు అలాంటి చిప్‌ను బోర్డుతో సహా కొనుక్కోవడమే మేలు.

మొదటి ప్రాజెక్టుకు మాత్రం డిప్పే తీసుకోండి, దాంతోపాటు ఐసీ బేస్ కూడా. టంకం వేడి బేస్‌కే తగులుతుంది, చిప్‌కు తగలదు. సప్లై తలకిందులై చిప్ కాలిపోయినా బోర్డును ముట్టుకోకుండా పాతది ఊడదీసి కొత్తది గుచ్చుకోవచ్చు.